బాత్రూమ్ టైల్స్ నేనే వేశాను: 27 రోజులు, ఒక ఫెయిల్ అయిన టెస్ట్, మీకు పనికొచ్చే లెక్కలు

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, కెరీర్ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ కూడా లేవు. ఈ రోజు మాట్లాడబోయేది ఒక బాత్రూమ్ గురించి. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న మా ఇంటి బాత్రూమ్. పాత టైల్స్ నేనే పగలగొట్టి, కొత్తవి నేనే వేశాను.

కొత్తగా వచ్చినవాళ్ళకి నా గురించి ఒక్క ముక్క. బీటెక్ చేశా, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేశా, ఇప్పుడు వీడియోలు చేస్తున్నా. దీనికి ముందు నా చేత్తో ఇంట్లో చేసిన అతిపెద్ద రిపేరు ఏంటంటే, ఫ్యాన్ రెగ్యులేటర్ మార్చడం. అదీ రెండుసార్లు షాక్ కొట్టించుకుని. కాబట్టి "వీడికి ముందే వచ్చేమో" అనుకోకండి. ఏమీ రాదు.

మరి ఎందుకు మొదలుపెట్టానంటే, నాన్న పడ్డారు.

మా ఇల్లు ఏలూరులో. పైన అమ్మానాన్న ఉంటారు, కింద అద్దెకి ఇచ్చాం. పై బాత్రూమ్‌లో స్నానం చేసి బయటికి వస్తూ గుమ్మం దగ్గర నాన్న జారి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ అన్నం అమ్మ కలిపి పెట్టింది. నాన్నకి నొప్పి కంటే అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

నేను హైదరాబాద్ నుంచి వెళ్ళి ఆ బాత్రూమ్‌ని మొదటిసారి సరిగ్గా చూశా. తెల్లగా, నున్నగా, అద్దంలా మెరిసే టైల్స్. ఒక మగ్గు నీళ్ళు పోశా. నీళ్ళు మూలనున్న నహానీ ట్రాప్ వైపు పోవాలి కదా? గుమ్మం వైపు వచ్చి, అక్కడే నిలబడ్డాయి. అంటే పదేళ్ళుగా మా ఇంట్లో అందరం ఆ గుంట మీదుగానే బయటికి వస్తున్నాం. పైగా కింద అద్దెకుండే పిన్నిగారు వాళ్ళ వంటింటి సీలింగ్ ఫోటో చూపించారు. తెల్లటి పొక్కులు, పసుపు రంగు చెమ్మ మరక. సరిగ్గా ఈ బాత్రూమ్ కిందే.

ఆ వారం దొరికిన మేస్త్రీలందరూ "నెల తర్వాత చూద్దాం" అన్నారు. నా దగ్గర టైమ్ ఉంది. వీధి చివర ఉండే తాపీ మేస్త్రీ బాబాయ్ ఒకాయన, వయసై పని మానేశారు, "నువ్వు చెయ్యి, నేను సాయంత్రాలు వచ్చి చూస్తా" అన్నారు. అలా మొదలైంది.

టైల్ నీళ్ళని ఆపదు

మొదటి సాయంత్రం బాబాయ్ అన్న మాట ఒకటుంది. ఈ ఎపిసోడ్‌లో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

"టైలు అందానికీ, కడుక్కోవడానికీ బాబూ. నీళ్ళని పంపేది వాటం. నీళ్ళని ఆపేది కోటింగు. ఆ రెండూ టైలు కిందే ఉంటాయి."

మనం ఏం అనుకుంటాం? టైల్ వేస్తే నీళ్ళు దిగవు అనుకుంటాం. టైల్‌లోంచి దిగవు, నిజమే. కానీ టైల్‌కీ టైల్‌కీ మధ్య సందు ఉంటుంది. అందులో నింపే సిమెంట్ గ్రౌట్ నీళ్ళు పీలుస్తుంది. రోజూ ముగ్గురు స్నానం చేసే బాత్రూమ్‌లో ఆ నీళ్ళు కొంచెం కొంచెంగా కిందికి చేరతాయి. కింద ఆపే పొర లేకపోతే స్లాబ్‌లోకి, అక్కడి నుంచి పిన్నిగారి వంటింట్లోకి.

మా పాత బాత్రూమ్‌లో టైల్స్ ఖరీదైనవే. వాటి కింద కోటింగ్ లేదు, వాటం లేదు. చూసేవాళ్ళకి కనిపించే దాని మీదే డబ్బు పెట్టారు.

పగలగొట్టే ముందు

మెయిన్‌లో ఆ లైన్ ఎమ్‌సీబీ ఆపండి. గీజర్ వైరు గోడలో ఎటు పోతుందో, నీళ్ళ పైపు ఎటు పోతుందో ముందే సుద్దతో గీసుకోండి. సాధారణంగా ట్యాప్ నుంచి నిలువుగానో అడ్డంగానో వెళ్తుంది. ఆ గీతల దగ్గర డ్రిల్లింగ్ మెషీన్ వద్దు, సుత్తీ ఉలీ చాలు.

కళ్ళకి గాగుల్స్, ముక్కుకి ఎన్95 మాస్క్. ఇది మొహమాటానికి చెప్పడం లేదు. టైల్, సిమెంట్ కోసినప్పుడు లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తిరిగి బయటికి రాదు. నేను ఒక బాత్రూమ్‌కే మాస్క్ పెట్టుకున్నా. రోజూ ఇదే పని చేసే చాలామంది మూతికి కర్చీఫ్ కట్టుకుని చేస్తున్నారు. మీ ఇంట్లో పని జరుగుతుంటే వాళ్ళకి ఒక మాస్క్ ప్యాకెట్ కొనివ్వండి, టీ ఇచ్చినట్టే. చేతులకి గ్లవ్స్ కూడా ఉండాలి. తడి సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది. మొదటి రోజు గ్లవ్స్ లేకుండా చేసి, నాలుగు రోజులు ఫోన్ ఫింగర్‌ప్రింట్‌తో ఓపెన్ కాలేదు నాకు.

పగలగొట్టడానికి రెండు రోజులు పట్టింది. అయ్యాక ప్లంబర్‌ని పిలిచి పైపులన్నీ ప్రెజర్ టెస్ట్ చేయించా. ఇది నేను చేయలేదు, చేయాలనుకోలేదు కూడా. గోడ లోపలి జాయింట్ లీకైతే మళ్ళీ టైల్స్ పగలగొట్టాల్సిందే. ఇక్కడ అండూ బటన్ ఉండదు.

వాటం లెక్క

వాటం అంటే నీళ్ళు వాటంతట అవే ట్రాప్ వైపు పారేంత వాలు. మీటరుకి 1 సెంటీమీటర్ నుంచి 2 సెంటీమీటర్ల దాకా ఇస్తారు. నేను ఒకటిన్నర తీసుకున్నా. మా గుమ్మం నుంచి ట్రాప్ దాకా ఏడడుగులు, అంటే దగ్గర దగ్గర 2.1 మీటర్లు. 2.1 ఇంటూ 1.5, సుమారు 3 సెంటీమీటర్లు. గుమ్మం దగ్గర కంటే ట్రాప్ దగ్గర నేల 3 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. లెక్క అంతే. ఐదో క్లాసు లెక్క. అది తప్పినందుకు మా నాన్న చెయ్యి విరిగింది.

దీన్ని ఎలా పెట్టాలంటే, ముందు ట్రాప్ అంచు ఎత్తు ఫిక్స్ చేసుకోవాలి, ఎందుకంటే అది కదలదు. అక్కడి నుంచి గోడల మీద రసమట్టంతో లెవెల్ గీత గీసి, ప్రతి మూలా ట్రాప్ నుంచి ఎంత దూరమో చూసి, అంత పైకి మార్క్ పెట్టాలి. మార్కుల మధ్య దారం కట్టి, సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు పాళ్ళు కలిపిన మాలుతో నేల వేయాలి. ఏడు రోజులు తడి ఆరనివ్వకూడదు. ఆ ఏడు రోజులు నాకు చిరాకే. ఏమీ జరగనట్టు ఉంటుంది, కానీ గట్టిపడేది అప్పుడే.

కోటింగ్, తర్వాత ఫెయిల్ అయిన టెస్ట్

నేల ఆరాక నేల గోడ కలిసే మూలలన్నీ మాలుతో గుండ్రంగా చేశా. పదునైన మూలలో కోటింగ్ ముందు చిట్లుతుంది. ఆ మూలల్లో, ట్రాప్ చుట్టూ ఫైబర్ మెష్ అతికించి, రెండు భాగాలు కలిపే సిమెంట్ పాలిమర్ కోటింగ్ రెండు చేతులు కొట్టా. మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా. అలా చేస్తే మొదటిసారి బ్రష్ తగలని చోట రెండోసారి తగులుతుంది. చుట్టూ గోడలకి ఒక అడుగు ఎత్తు, షవర్ ఉన్న వైపు మాత్రం ఆరడుగుల పైదాకా. రెండు కోట్‌ల మధ్య ఎంతసేపు ఆగాలి, టెస్ట్‌కి ఎన్ని రోజులు ఆగాలి అనేది డబ్బా మీద రాసి ఉంటుంది. అదే ఫాలో అవ్వండి, వీడియోల్లో చెప్పింది కాదు. నా వీడియో అయినా సరే.

ఇప్పుడు పాండ్ టెస్ట్. అంటే ట్రాప్ లోపలికి ప్లగ్ బిగించి, గుమ్మానికి అడ్డంగా ఇటుకలు పేర్చి మాలుతో మూసి, బాత్రూమ్‌లో నీళ్ళు నింపడం. గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్ గీత. 24 గంటలు కనీసం, 48 అయితే ఇంకా మంచిది. నీళ్ళు కొంత ఆవిరి కూడా అవుతాయి కదా, అది ఎంతో తెలియాలంటే పక్కనే ఒక గిన్నెలో నీళ్ళు పోసి దానికీ గీత పెట్టండి. రెండూ సమానంగా తగ్గితే ఆవిరి. బాత్రూమ్‌లో మాత్రమే ఎక్కువ తగ్గితే లీకు.

మర్నాడు ఉదయం చూశా. గిన్నెలో తేడా దాదాపు లేదు. బాత్రూమ్‌లో గీత కంటే ఒక వేలు మందం కిందికి ఉన్నాయి. పిన్నిగారు కింది నుంచి ఫోటో పంపారు. మరక తడిగా మెరుస్తోంది.

నిజం చెప్పాలంటే ఆ ఉదయం నాకు ఏడుపొచ్చింది. అప్పటికి పద్నాలుగు రోజులు అయిపోయాయి. ఇంట్లో సగం దుమ్ము. నాన్న కట్టుతో కుర్చీలో కూర్చుని ఏమీ అనడం లేదు, అదే పెద్ద తిట్టు. నా బుర్రలో ఒక ఆలోచన వచ్చింది, చెప్పడానికి సిగ్గే. "పైన టైల్స్ వేసేస్తే ఎవరికి తెలుస్తుంది?" పదేళ్ళ క్రితం ఈ బాత్రూమ్ కట్టినవాళ్ళు సరిగ్గా ఇలాగే అనుకుని ఉంటారు.

సాయంత్రం బాబాయ్ వచ్చి, నీళ్ళు తోడించి, టార్చ్ వేసి ట్రాప్ చుట్టూ వేలితో నొక్కారు. "ఇదిగో" అన్నారు. ట్రాప్ పైపుకీ స్లాబ్‌కీ మధ్య సందు. పాత మాలు పొడిపొడిగా ఉంది, నేను దాని మీదే కోటింగ్ కొట్టేశా. ప్లాస్టిక్ పైపు, కాంక్రీటు రెండూ ఒకదానికొకటి సొంతంగా అతుక్కోవు. అక్కడ పాత మాలు మొత్తం తవ్వి, ఎండాక కుంచించుకుపోని గ్రౌట్ కూరి, మళ్ళీ మెష్, మళ్ళీ రెండు కోట్లు. ఇంకోసారి నీళ్ళు. ఈసారి రెండు రోజులు ఉంచా. బాత్రూమ్ గీత, గిన్నె గీత రెండూ ఒకేలా ఉన్నాయి. కింద మరక ఆరడం మొదలైంది.

మీరు మేస్త్రీతో చేయించినా సరే, టైల్స్ వేసే ముందు ఈ టెస్ట్ అడగండి. దీనికయ్యే ఖర్చు ఒక ప్లగ్, కొన్ని నీళ్ళు, రెండు రోజుల ఓపిక.

ఏ టైల్, ఎన్ని

షాపుల్లో చూసే టైల్స్‌లో ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. వందల డిజైన్లు. డిజైన్ చివర్లో చూడండి, ముందు మూడు విషయాలు చూడండి.

ఒకటి, నేలకి జారనిది. ఆర్9 నుంచి ఆర్13 దాకా ఒక రేటింగ్ ఉంటుంది. కానీ అది బూట్లు వేసుకున్న మనిషిని నూనె పోసిన ర్యాంప్ మీద నడిపించి ఇచ్చే రేటింగ్. ఒట్టి కాళ్ళతో, సబ్బు నీళ్ళ మీద చేసే టెస్ట్‌కి ఏ, బీ, సీ అని వేరే గ్రేడ్లు ఉన్నాయి. సీ అంటే ఎక్కువ పట్టు. మనం బాత్రూమ్‌లోకి బూట్లతో వెళ్ళం కదా, అది కూడా అడగండి. షాపులో తెలియదంటే ఒక పని చేయండి. శాంపిల్ టైల్ మీద సబ్బు నీళ్ళు పోసి పాదంతో రుద్ది చూడండి.

రెండు, నేల టైల్ చిన్నది తీసుకోండి. నేను అడుగు బై అడుగు తీసుకున్నా. రెండడుగుల పెద్ద టైల్ చూడ్డానికి బావుంటుంది, కానీ అది వంగదు. ఐదడుగుల బాత్రూమ్‌లో వాటం రెండు వైపుల నుంచి ట్రాప్ వైపు తిరగాలంటే పెద్ద టైల్‌ని ఐమూలగా కోయాలి.

మూడు, బాక్సులన్నిటి మీదా ఒకే బ్యాచ్, ఒకే షేడ్ నంబర్ ఉండాలి. తర్వాత తెచ్చుకుందాం అనుకుంటే రంగు కలవకపోవచ్చు.

ఇక ఎన్ని కావాలి? నేల 5 ఇంటూ 7, 35 చదరపు అడుగులు. నాలుగు గోడల చుట్టుకొలత 24 అడుగులు, ఏడడుగుల ఎత్తుకి 168. అందులో తలుపు రెండున్నర ఇంటూ ఏడు, 17.5 తీసేస్తే సుమారు 150. గోడ టైల్ 12 ఇంటూ 18 అంగుళాలు, అంటే ఒకటిన్నర చదరపు అడుగు. 150 బై ఒకటిన్నర, 100 టైల్స్. మేస్త్రీకైతే 10 శాతం వేస్టేజ్ చాలు. నాలాంటి వాళ్ళకి 15 శాతం. నేను 10 శాతమే తెచ్చి, చివర్లో మళ్ళీ షాపుకి పరిగెత్తా.

అతికించడం

విట్రిఫైడ్ టైల్ నీళ్ళు దాదాపు పీల్చదు, అర శాతం లోపే. గోడకి వేసే మామూలు సిరామిక్ టైల్ 10 శాతం పైన పీలుస్తుంది. సిమెంట్ పాలు టైల్‌లోకి కొంచెం ఇంకితేనే పట్టుకుంటాయి. అందుకే విట్రిఫైడ్‌ని ఒట్టి సిమెంట్‌తో అతికిస్తే కొన్నాళ్ళకి ఊడొస్తుంది. దానికి టైల్ అడెసివ్ కావాలి. బస్తా మీద ఐఎస్ 15477 అని, దాని పక్కన టైప్ నంబర్ ఉంటుంది. మీ టైల్ పేరు, గోడా నేలా, తడి ఉండే చోటా కాదా చెప్పి సరైన టైప్ తీసుకోండి. అడెసివ్ వాడేటప్పుడు టైల్స్ నీళ్ళలో నానబెట్టకూడదు. అది సిమెంట్ రోజుల పద్ధతి.

పళ్ళున్న తాపీ, అదే నాచ్డ్ ట్రోవెల్‌తో అడెసివ్‌ని ఒకే దిశలో గీతలు గీసినట్టు పరవాలి. టైల్ పెట్టి, గీతలకి అడ్డంగా కొంచెం జరుపుతూ నొక్కితే గీతలు కూలి లోపలి గాలి పోతుంది. నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి అతికించడం చూసే ఉంటారు. ఆ ముద్దల మధ్య ఖాళీలో నీళ్ళు చేరతాయి, పైన బరువు పడితే టైల్ పగులుతుంది. బాత్రూమ్‌లో టైల్ వెనక 95 శాతం దాకా అడెసివ్ తగలాలి. మొదట్లో ప్రతి పదింటికీ ఒకటి ఊడదీసి వెనక చూడండి.

నా పెద్ద తప్పు ఇక్కడే. అది ఏప్రిల్ నెల. ఒకేసారి గోడ సగానికి అడెసివ్ పరిచేసి, తీరిగ్గా టైల్స్ పెట్టుకుంటూ పోయా. ఆ ఎండకి పైన పొర కట్టేసింది. మర్నాడు వేలితో తడితే పదకొండు టైల్స్ డబ్ డబ్ మని బోలు శబ్దం. పదకొండూ ఊడదీశా. కొన్ని చేత్తో లాగితేనే వచ్చేశాయి. పరిచిన అడెసివ్‌ని వేలితో ముట్టుకోండి. వేలికి అంటకపోతే గీకి పారేయండి, నీళ్ళు చల్లి సరిపెట్టకండి. మూడు నాలుగు టైల్స్‌కి సరిపడా మాత్రమే పరవండి.

గోడకి అడుగు వరసతో మొదలుపెట్టలేదు. నేల వాలుగా ఉంది కదా, దాని మీద నిలబెడితే గోడ మొత్తం వాలుతుంది. రెండో వరస ఎత్తులో రసమట్టం చూసి చెక్క బద్ద కొట్టి, దాని మీద నుంచి పైకి వెళ్ళా. తర్వాత నేల. చివరికి బద్ద తీసి, కింది వరసని నేల వాలుకి తగ్గట్టు కోసి పెట్టా. దాంతో గోడ నీళ్ళు నేల టైల్ మీదకే దిగుతాయి. అసలు అడెసివ్ కలపక ముందే టైల్స్ పొడిగా పేర్చి చూసుకోండి. లేకపోతే మూలలో అంగుళం ముక్క మిగులుతుంది, కోయడమూ కష్టమే, చూడ్డానికీ బాగోదు.

టైల్స్ మధ్య గోడకి 2 మిల్లీమీటర్లు, నేలకి 3 మిల్లీమీటర్ల స్పేసర్లు పెట్టా. మర్నాటి దాకా ఆగి ఎపాక్సీ గ్రౌట్ నింపా. అది నీళ్ళు పీల్చదు కానీ త్వరగా గట్టిపడుతుంది, టైల్ మీద పడింది వెంటనే తుడవకపోతే రాయే. అందుకే కొంచెం కొంచెం కలపండి. గోడ నేల కలిసే మూలలో మాత్రం గ్రౌట్ కాదు, సిలికాన్ సీలెంట్. రెండు వైపులూ వేరువేరుగా కదులుతాయి కాబట్టి అక్కడ గట్టి గ్రౌట్ చిట్లుతుంది.

మీరు చేయాలా?

సూటిగా చెప్తా. మేస్త్రీ అయితే టైల్స్ వరకు రెండు మూడు రోజుల్లో వేస్తారు, నాకు ఆరు పట్టింది. కూలీ మిగిలింది, మెటీరియల్ మాత్రం ఎక్కువైంది. గీతలు దగ్గరగా చూస్తే రెండు చోట్ల వంకర ఉంది. మా అమ్మ షాంపూ స్టాండ్ ఒకటి సరిగ్గా అక్కడే తగిలించింది.

మొదటిసారి చేయాలనుకుంటే వంటింట్లో గట్టు వెనక గోడతో మొదలుపెట్టండి. అక్కడ తప్పు జరిగితే వంకరగా కనిపిస్తుంది, అంతే. అపార్ట్‌మెంట్‌లో మీ బాత్రూమ్ కింద వేరేవాళ్ళు ఉంటే వాటం, కోటింగ్ అనుభవం ఉన్నవాళ్ళకే ఇవ్వండి. మీరు పక్కన ఉండి గీతలు గీసి కొలవండి. ఎవరు చేసినా మూడు ప్రశ్నలు మాత్రం మీరే అడగాలి. వాటం ఎంత? కోటింగ్ ఎన్ని కోట్లు? నీళ్ళు ఎన్ని గంటలు నిలబెట్టారు?

చివరి రోజు నాన్నని పిలిచా. ఆయన టైల్స్ రంగు చూడలేదు, వంకర గీత కూడా చూడలేదు. ఎడమ చేత్తో మగ్గు తీసుకుని, సరిగ్గా తను పడిన చోట గుమ్మం దగ్గర నీళ్ళు పోశారు. నీళ్ళు మెల్లగా కదిలి, తిరిగి, ట్రాప్‌లోకి వెళ్ళిపోయాయి. ఇంకో మగ్గు పోశారు. అవీ వెళ్ళాయి.

"పోతున్నాయిరా" అన్నారు.

అంతే అండి ఈ ఎపిసోడ్. ఇది చదివాక మీ బాత్రూమ్‌లో గుమ్మం దగ్గర ఒక మగ్గు నీళ్ళు పోసి చూడండి. ఎటు పోతున్నాయో కింద రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ రోజే చూడండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.